ఒక్క ఆజ్ఞతో చదును చేసిన గుట్ట



వేసవి సెలవుల్లో అయ్యగారింట్లో ఏం జరుగుతోందని కొందరు అడిగారు. ఫోన్లో మట్టి తవ్వుతున్నామంటే నవ్వారు. నవ్వాల్సిన సంగతే. కానీ ఆ మట్టి పనిలో మేమిద్దరం, అంటే అమ్మగారూ నేనూ, ఒక తప్పు చేశాం. సిగ్గుగానే ఉన్నా మీకు చెప్పుకోవాలనిపించి రాస్తున్నాం.

మా అబ్బాయికి 12 ఏళ్లు. వాడు ఆడే ఆట మైన్‌క్రాఫ్ట్. స్వీడన్ దేశంలోని మొజాంగ్ అనే సంస్థ తయారుచేసింది. పూర్తిస్థాయిలో 2011లో విడుదలైంది. మీ ఇళ్లలో పిల్లలకు మాకంటే బాగా తెలుసు. ఆ ఆటలో కొండ, చెట్టు, ఇల్లు అన్నీ బ్లాకులే. ఒక్కో బ్లాకు పొడవు, వెడల్పు, ఎత్తు మీటరు చొప్పున లెక్క. మొదట్లో మేమూ "ఎప్పుడు చూసినా ఆ ఫోనేనా" అని విసుక్కున్నవాళ్లమే. ఒక మధ్యాహ్నం ఎండకు బయటికి పోలేక వాడి పక్కన కూర్చున్నాం. అలా మొదలైంది.

వాడి లోకంలో నది ఒడ్డున ఒక గుట్ట ఉంది. దాన్ని అంచెలంచెలుగా చెక్కి, ప్రతి అంచె మీదా గోధుమ మడులు వేసి, మధ్యలో కాలువ తీసి, అడుగున చెరువు కట్టాలని వాడి కోరిక. మొత్తం 11 అంచెలు. నోటు పుస్తకంలో బొమ్మ గీసి పెట్టుకున్నాడు. గుట్ట 48 మీటర్ల పొడవు, 48 మీటర్ల వెడల్పు. సగటున 10 మీటర్ల ఎత్తు వేసుకున్నా 23,040 బ్లాకులు. సంచిలో ఒక్కో గడికి 64 బ్లాకులే పడతాయి. ఇనుప పార 250 బ్లాకులు తవ్వగానే విరిగిపోతుంది. మళ్లీ ఇనుము వెతికి, కరిగించి, కొత్త పార చేసుకోవాలి.

ఈ లెక్క ఉపాధి పనికి వెళ్లే మన సంఘం అక్క ఒకామెకు చెబితే, "మాకైతే కొలత తీసి కూలి వేస్తారు అయ్యగారూ, మీకెవరు వేస్తారు?" అంది. జవాబు తోచలేదు.

ఉన్నది ఒకే ఫోను. ముగ్గురం వంతులు వేసుకున్నాం. వాడే మేస్త్రి, మేము కూలీలం. "నాన్నా, తిన్నగా తవ్వొద్దు. నిజం కొండకు తిన్నటి గీత ఉండదు. పైన నిటారుగా ఉంచి, కిందికి వచ్చేకొద్దీ వెడల్పు చెయ్యి" అనేవాడు. కాలువ నీళ్లు చదును నేల మీద ఏడు బ్లాకుల దూరం పారి ఆగిపోతాయని, మడికి నాలుగు బ్లాకుల లోపు నీరుంటే తడి అందుతుందని వాడే నేర్పాడు. మూడో అంచె అమ్మగారిది. ఆవిడకు వేళ్లు సరిగ్గా ఆడక అది పాము మెలికలా వచ్చింది.

మూడు వారాలకు అయిదు అంచెలు లేచాయి. బడులు తెరిచే రోజు దగ్గరపడుతోంది. ఇలాగైతే ఎప్పటికి తెములుతుందని మాకు ఆరాటం. యూట్యూబులో వెతికితే ఒక ఉపాయం కనబడింది. ఫిల్ అనే ఆజ్ఞ ఒకటుంది. ఈ మూల, ఆ మూల అంకెలిచ్చి టైపు చేస్తే ఒక్క దెబ్బకు 32,768 బ్లాకుల దాకా మారిపోతాయి. మిగిలిన గుట్టను చదును చేసిపెడితే పొద్దున్నే చూసి మురిసిపోతాడనుకున్నాం. వాడు నిద్రపోయాక ఇద్దరం ఫోను పట్టుకున్నాం. చీట్స్ ఆన్ చేయాలి, చేస్తే ఈ లోకంలో ఇక పతకాలు రావని ఆట హెచ్చరించింది. చదవకుండానే సరే అని నొక్కేశాం.

రెప్పపాటులో గుట్ట మాయమైంది. మేము వేసిన అంకెల మధ్య వాడి అయిదు అంచెలు కూడా ఉన్నాయి. అవీ పోయాయి. వెనక్కి తీసుకునే ఆజ్ఞ లేదు. కట్టు తెగిన కాలువ నీళ్లు బల్లపరుపు నేల మీదికి పారుతున్నాయి.

పొద్దున వాడు చూశాడు. ఏడుస్తాడనుకున్నాం. "బాగుంది నాన్నా" అని ఫోను బల్ల మీద పెట్టేశాడు. రెండు రోజులు ముట్టుకోలేదు. ఆ "బాగుంది" మమ్మల్ని నిద్రపోనివ్వలేదు.

మూడో రోజు అన్నం దగ్గర వాడే అన్నాడు, "అమ్మ కట్టిన అంచె కూడా పోయింది. వంకరగా ఉందని నాకు తెలుసు. కావాలనే సరిచెయ్యలేదు."

మాకు ముద్ద దిగలేదు. క్షమించమని అడగండని ప్రతి ఆదివారం మీకు చెబుతాం. 12 ఏళ్ల పిల్లాడి ముందు ఆ ఒక్క మాట పెగలడానికి ఎంత సేపు పట్టిందో దేవునికి తెలుసు. "నిన్ను అడగకుండా చేశాం నాన్నా, తప్పయింది, మమ్మల్ని క్షమించు" అని చివరికి ఇద్దరం అన్నాం. వాడు తల వంచుకుని చాలాసేపు మజ్జిగ కలుపుకున్నాడు. తరువాత, "మళ్లీ మట్టి పోసుకుంటూ రావాలి. ఈసారి ఆజ్ఞలు లేవు" అన్నాడు.

ఆ రాత్రి ఆదికాండము తీశాం. మొదటి అధ్యాయంలో దేవుడు మాట పలికితే లోకం కలిగింది. రెండో అధ్యాయంలో అదే దేవుడు నేలమంటితో మనుష్యుణ్ణి నిర్మించాడు, తోట వేశాడు, దాన్ని సేద్యపరచి కాయమని మనిషికి అప్పగించాడు. ఒక్క మాటతో చేయగల శక్తి ఉన్నవాడు మనిషి దగ్గరికొచ్చేసరికి మట్టి పట్టుకున్నాడు. మేమేమో మట్టి పట్టుకోవలసిన చోట మాటతో ముగించబోయాం. ఇంట్లోనే కాదు, సంఘంలోనూ ఒకరి వంకర ఓర్చుకోలేక, కూర్చుని మాట్లాడే ఓపిక లేక, ఒక్క ఆజ్ఞతో చదును చేద్దామని చూసిన రోజులు మాకున్నాయి. ఆ మాట వల్ల నొచ్చుకున్నవాళ్లు ఇది చదువుతుంటే, మీరూ మమ్మల్ని క్షమించండి.

బడులు తెరిచారు. ఇప్పుడు శనివారం సాయంత్రం ఒక్క గంటే పని. నేటికి నాలుగు అంచెలయ్యాయి, ఇంకా ఏడున్నాయి. మూడో అంచె మళ్లీ అమ్మగారికే ఇచ్చాడు. మళ్లీ వంకరగానే వచ్చింది. కొత్తగా పోసిన మట్టికి పక్కనున్న గడ్డి దానంతటది మెల్లగా పాకుతోంది. తొందరపెట్టాలని మాకు లేదు.

ఈ వారం మీ ఇంట్లో ఎవరి పనైనా చక్కబెట్టబోయే ముందు, ఒక్కసారి వాళ్లను అడగండి. ప్రభువు మీ ఇళ్లకు సమాధానం దయచేయును గాక. ఆమెన్.