మూడు మిల్లీమీటర్లు

గేర్‌బాక్సు దింపి, బాగుచేసి, మళ్లీ ఎక్కించిన బండికి ఆఖర్న బిగించే వాటిలో స్పీడు సెన్సరు ఒకటి. ఒక టెన్ నంబరు బోల్టు, ఒక ఓ-రింగు, మూడు వైర్ల కప్లరు, అంతే. అందుకే దాన్ని కుర్రాళ్లకు వదిలేస్తాం. అది సరిగ్గా కూర్చోకపోతే మాత్రం చిక్కే. అప్పటికి పొద్దు గూకి ఉంటుంది, గేరాయిలు పోసేసి ఉంటారు, బండి మనిషి షెడ్డు గుమ్మంలో నిలబడి గంటకోసారి ‘అయిపోయిందా’ అంటుంటాడు. బోల్టు బిగిస్తే అదే దిగుతుందిలే అనిపిస్తుంది. సెన్సరు చెవి విరిగేది అప్పుడే.

విజయవాడ ఆటోనగర్‌లో మాది గేర్‌బాక్సుల పని. ఆమధ్య గుడివాడ వైపు నుంచి ఒక పాత చిన్న కారు వచ్చింది. డ్రైవరు దాన్ని ట్యాక్సీకి తిప్పుతాడు. వేరేచోట డిఫరెన్షియల్ బేరింగులు మార్పించాడట. అక్కణ్ణుంచి మీటరు ముల్లు ఒకసారి లేస్తుంది, ఒకసారి లేవదు. ‘సిగ్నల్ దగ్గర స్లో చేస్తే ఇంజను ఆగిపోతోంది మేస్త్రీ గారూ’ అన్నాడు. స్కానరు పెడితే పి0500 కోడు. కిందికి దూరి చూస్తే సెన్సరు ఫ్లాంజికీ కేసింగుకీ మధ్య మూడు మిల్లీమీటర్ల సందు. ఆ సందులో వాషర్లు పేర్చి, పొడుగు బోల్టు వేసి బిగించారు. పక్కనుంచి ఆయిలు కారుతోంది.

‘మీటరు లేకపోతే పోయింది, ఆ వైరు పీకేస్తే పోలా?’ అన్నాడు మా కుర్రాడు. అంబాసిడర్, పద్మిని రోజులైతే ఆ మాట చెల్లేది. వాటికి ఉన్నది కేబులు. అది తెగితే ముల్లు పడుకునేది, బండి పాటికి బండి పోయేది. ఇప్పుడు ఆ సెన్సరు చెప్పే మాట మీటరుతో పాటు ఇంజను కంప్యూటరు కూడా వింటుంది. బండి నెమ్మదిస్తోందని తెలిస్తేనే ఐడ్లింగ్ పడిపోకుండా పట్టుకుంటుంది. ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగు ఉన్న బండ్లలో వేగాన్ని బట్టి స్టీరింగు బరువు కూడా మారుతుంది. పైగా ఇతను ట్యాక్సీవాడు, కిలోమీటర్లు తిరక్కపోతే బాడుగ లెక్క ఏం చెప్తాడు?

కూర్చోని సెన్సరుకు నేను ముందు చూసేది హోల్. పాత ఓ-రింగు లోపలే అతుక్కుని ఉండిపోతే దానిమీద కొత్తది ఎక్కదు. ఎండిన గ్యాస్కెట్ గమ్ము, పెచ్చు లేచిన అల్యూమినియం అంచు అయినా అంతే. పెట్రోల్లో కడిగితే కొన్ని రబ్బర్లు ఉబ్బుతాయి. అలాంటి ఓ-రింగుతో ఎంత నొక్కినా సెన్సరు పైకే తన్నుతుంది. ఇక్కడ ఇవేవీ లేవు. సెన్సరు కొసనున్న ప్లాస్టిక్ పినియన్ ఊడదీసి, ఉత్త బాడీని హోల్లోకి దింపాను. చేత్తో నొక్కితే ఫ్లాంజి వచ్చి కేసింగుకు ఆనింది. అంటే తగులుతున్నది పినియనే.

పినియన్ పళ్లు ఏటవాలుగా ఉంటాయి. అది లోపలి గేరులో పడాలంటే మర తిరిగినట్టు కొంచెం తిరుగుతూ దిగాలి. నిటారుగా గుద్దితే పన్నుమీద పన్ను నిలబడిపోతుంది. అందుకని సెన్సరును వేళ్లతో పట్టుకుని, ఇంకొకణ్ణి చక్రం మెల్లగా తిప్పమంటాం. ఇక్కడొక తిరకాసుంది. ముందు చక్రాలు రెండూ జాకీమీద లేపి, న్యూట్రల్లో ఒకదాన్ని తిప్పితే రెండోది ఎదురు తిరుగుతుంది. డిఫరెన్షియల్ కేసు ఉన్నచోటే ఉంటుంది, దానిమీదుండి సెన్సరును నడిపే గేరు కదలదు. అది తెలియక, సెన్సరు చచ్చిందని కొత్తది కొనిపించిన వాళ్లను చూశాను. ఒక చక్రం నేలమీద ఉంచి, రెండోదాన్నే లేపాలి. అప్పుడు చక్రం రెండు చుట్లు తిరిగితే కేసు ఒక చుట్టు తిరుగుతుంది.

అలా తిప్పుతూ దింపినా మూడు మిల్లీమీటర్లు అలాగే ఉంది. పినియన్‌కు మార్కింగ్ బ్లూ రాసి దింపి, తీసి చూశాను. సరిగ్గా కలిసిన గేర్లయితే రంగు పన్ను నడుమ చెదరాలి. ఇక్కడ కింది కొసన మాత్రమే పళ్ల మొనలు ఒరుసుకుపోయి తెల్లగా ఉన్నాయి. హోల్లోకి టార్చి వేస్తే లోపలి గేరు కనిపించింది. తెల్లగా కొత్తగానే ఉంది, కానీ పినియన్ దారిలోకి మరీ ముందుకొచ్చి ఉంది.

ఈ రెండు గేర్లూ జత. జపాన్ పద్ధతి బండ్లలో సెన్సరు ఇరుసు కిలోమీటరుకు 637 చుట్లు తిరగాలి. కేబులు రోజులనుంచీ వస్తున్న లెక్క అది. చుట్టుకు నాలుగు పల్సులిచ్చే సెన్సరైతే కిలోమీటరుకు 2,548. ఈ బండికున్న 145/80 టైరు, 12 అంగుళాల రిమ్ము ఒక చుట్టుకు దాదాపు 1.7 మీటర్లు పోతాయి. అంటే కిలోమీటరుకు 590 చుట్ల పైచిలుకు. ఆ 590ని 637 చెయ్యడానికే పళ్ల సంఖ్యల్లో ఆ చిన్న తేడా పెడతారు. 20 పళ్ల పినియన్‌లో ఒక్క పన్ను తగ్గినా, పెరిగినా మీటరు అయిదు శాతం అబద్ధమాడుతుంది. జత కాని గేరుకు పళ్ల లెక్కలోనే కాదు, లావులో కూడా తేడా ఉంటుంది. సెన్సరును దిగనివ్వనిది ఆ లావే.

ముందు పనిచేసిన మేస్త్రీకి ఫోన్ చేయించాను. దాచకుండా చెప్పాడు. పుల్లరుతో బేరింగు లాగేటప్పుడు దాని వెనకున్న ప్లాస్టిక్ గేరు విరిగింది. తుక్కులో దొరికిన గేర్‌బాక్సులోంచి అలాంటిదే తీసి వేశాడు. ఆయన్ని నేను తప్పుపట్టను. రెండూ చేతిలో పెట్టుకుంటే ఒకేలా కనిపిస్తాయి. వాషర్లు పేర్చడమే నాకు నచ్చలేదు. దిగనిదాన్ని ఎందుకు దిగడంలేదని అడగాలి గానీ, దానికి పీట వేసి కూర్చోబెడతామా?

‘మళ్లీ గేర్‌బాక్సు దింపాలా?’ డ్రైవరు మొహం మాడిపోయింది. వేరే దారి లేదు. దింపాం, తెరిచాం. విరిగిన పాత గేరు అతని డిక్కీలోనే కవర్లో పడి ఉండబట్టి పళ్లు లెక్కబెట్టి, సరిగ్గా అలాంటి గేరే తెప్పించగలిగాం. ఆ లావు గేరు ఒరిపిడికి రాలిన ప్లాస్టిక్ పొట్టు ఆయిల్లో తేలుతుంటే కేసింగంతా కడిగి కొత్త ఆయిలు పోశాం. ఈసారి ఓ-రింగుకు కాస్త ఆయిలు రాసి సెన్సరు పెడితే, చక్రం కొంచెం తిప్పగానే తనంతట తానే తిరిగి ఫ్లాంజి దాకా దిగింది. పొడుగు బోల్టు పారేసి కంపెనీ కొలత బోల్టు వేశాం. అది చేత్తోనే చివరిదాకా పట్టింది. ఆ తర్వాతే స్పానరు పెట్టాను.

కోడు తుడిచి, బెంజి సర్కిల్ దాటి హైవే ఎక్కించాను. అతను పక్కన కూర్చుని ఫోన్లో జీపీఎస్ పెట్టుకున్నాడు. ఫోన్లో 58, మీటర్లో 60. ‘ఇంకా తేడా ఉందిగా మేస్త్రీ గారూ’ అన్నాడు. మీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపకూడదనేది నిబంధన, కాస్త ఎక్కువ చూపిస్తే తప్పులేదు, అందుకే కంపెనీవాళ్లే ఆ రెండూ కలిపి పెడతారని చెప్పాను. ఆలోచించి, ‘అయితే ఓవర్ స్పీడ్ ఫైన్ పడ్డప్పుడు ఆ రెండూ తగ్గిస్తారా?’ అన్నాడు. ఆ సంగతి పోలీసులనే అడుక్కోమని బండి షెడ్డువైపు తిప్పాను.