చంపి బతికించాడు

అమ్మకాలు పడిపోయిన కామిక్‌ని ఏం చేస్తారు? ఆపేస్తారు. డీసీ వాళ్ల 'స్వాంప్ థింగ్'కీ అదే గతి పట్టబోయింది. 1971లో లెన్ వీన్, బెర్నీ రైట్‌సన్ పుట్టించిన చిత్తడినేల భూతం అది. ల్యాబ్ పేలుడులో కాలిపోయి, బురదలో పడి, నాచూ తీగల ఒంటితో లేచిన శాస్త్రవేత్త అలెక్ హాలండ్. మళ్లీ మనిషిని కావాలన్నదే అతని ఆశ. అది తీరితే కథ అయిపోతుంది, తీరకపోతే అక్కడక్కడే తిరుగుతుంది.

అప్పటికి అమెరికాలో పెద్దగా ఎవరికీ తెలియని ఇంగ్లండ్ రచయిత అలన్ మూర్ చేతికొచ్చిందది. 1984లో, 21వ సంచికలో, ఆ ఆశనే మొదలంటా నరికేశాడు. హాలండ్ ఎప్పుడో చచ్చిపోయాడట! అతని జ్ఞాపకాలు పీల్చుకున్న మొక్కలు తామే హాలండ్ అని భ్రమపడుతున్నాయట!

గమ్మత్తేమిటంటే, పాత కథల్ని కొట్టేయలేదు. వాటి అర్థం తిరగేశాడు. అంతే, "నేనెవర్ని?" అన్న ప్రశ్నే హారర్ అయి కూర్చుంది. చిత్రకారులు బిసెట్, టాటిల్‌బెన్ గీసిన బొమ్మలు ఆ భయానికి ఒళ్లు తొడిగాయి. తర్వాత జాన్ కాన్‌స్టంటైన్ అనే పాత్ర పుట్టిందీ ఈ సిరీస్‌లోనే.

పాత హీరోకి కొత్త డ్రెస్సు తొడిగి రీబూట్ అనే రచయితలూ, ముందు ఆ ఒక్క సంచిక చదవండి బాబూ!