మసీ అత్తరూ పుట్టిన లోయ



ఇటలీకి ఉత్తరపు కొసన, స్విట్జర్లాండ్ సరిహద్దుకు ఆనుకుని విజెట్సో అనే కొండలోయ ఉంది. దొమొదొస్సోలా నుంచి లొకార్నోకి 1923 నుంచీ నడుస్తున్న నారోగేజి రైలెక్కితే, వంతెనలూ సొరంగాలూ దాటించి సాంటా మరియా మజ్జోరె ఊళ్లో దింపుతుంది. అక్కడ విల్లా ఆంటోనియా తోటలో పొగగొట్టాలు తుడిచేవాళ్ల మ్యూజియం పెట్టారంటే నమ్ముతారా? నిదానంగా చూసినా గంట పట్టదు.

కింద పనిముట్లు, బట్టలు. మసి గోకే ఇనుప రేకు ఒకటి. చుట్టూ ఇనుప పుల్లలు విచ్చుకున్న బ్రష్షు ఒకటి, చూడ్డానికి పల్లేరుకాయే. ముక్కులోకి మసి పోకుండా తలకి తొడుక్కునే గోనెగుడ్డ ముసుగు దగ్గర మాత్రం నాకు అడుగు పడలేదు. అది తొడుక్కున్నది ఆరేడేళ్ల పసివాళ్లు కూడానట!

ఆ రోజుల్లో చలికాలం కొండమీద మంచు, చేయడానికి సేద్యం ఉండేది కాదు, తినడానికి గింజలుండేవి కావు. అందుకని పిల్లల్ని ఒక మేస్త్రీకి అప్పగించేవారు. వాడు వాళ్లని మైదానపు ఊళ్లకు నడిపించుకుపోయేవాడు. ఇరుకు గొట్టంలో వీపు ఒక గోడకీ మోకాళ్లు ఎదుటి గోడకీ తన్నిపెట్టి, మోచేతులతో పాకుతూ, మసి గోకుతూ పైకెక్కాలి. పైన తల బయటపెట్టి కేక వేస్తే పని పూర్తయినట్టు లెక్క. డబ్బు మేస్త్రీకి. రాలిన మసి కూడా పొలాలకి ఎరువుగా అమ్ముడుపోయేది. పిల్లలు మాత్రం చాలాసార్లు ఇళ్లముందు అడుక్కుతినేవారు.

పక్క ఊరు మలెస్కోలో ఫౌస్తీనో కప్పీని అనే కుర్రాడి పేర స్మారక విగ్రహం ఉంది. పొగగొట్టం తుడుస్తూ కప్పుమీద కరెంటు తీగ తగిలి పోయాడు పాపం.

మ్యూజియం పై అంతస్తులో చప్పుళ్లతో, వాసనలతో గొట్టంలోకి దూరిన అనుభూతి కలిగించాలని చూశారు. బాగానే ఉంది కానీ, కింది ముసుగు ముందు అదంతా నాకు ఆటలాగే తోచింది.

ఇంకో వింత. మన అమ్మమ్మలు జ్వరమొస్తే గుడ్డ తడిపి నుదుట వేసే ఓడికొలోన్ ఉందే, జర్మనీలోని కొలోన్ నగరంలో దాన్ని తయారుచేసి పేరు తెచ్చుకున్న ఫరీనా ఈ సాంటా మరియా మజ్జోరె వాడే! ఆయన కోసం ఇక్కడ మరో మ్యూజియం. బతుకుతెరువుకి ఊరు దాటినవాళ్లలో ఒకరు అత్తరు దగ్గరకి చేరారు, ఎందరో మసిలో దూరారు.

మీరొస్తే సెప్టెంబరు మొదట్లో రండి. దేశదేశాల నుంచి పొగగొట్టాల పనివాళ్లు వెయ్యిమంది దాకా నల్లబట్టల్లో ఊరేగుతారు. చూడవచ్చినవాళ్ల బుగ్గలకి మసి పూస్తారు, అదృష్టమట. తెల్లచొక్కా మాత్రం వేసుకోకండి.