పాత కంప్యూటరుకు కొత్త ఊపిరి

కుట్టుమిషను పాడైతే బాగుచేయించుకుంటాం గాని పారవేయం. కంప్యూటరు విషయంలో మాత్రం "ఇక పనికిరాదు, కొత్తది కొనండి" అనే మాట తరచుగా వింటున్నాం. ఆ మాట అన్నివేళలా నిజం కాదని ఈమధ్య తెలుసుకున్నాను. పాఠకులలో ఎవరికైనా ఉపయోగపడుతుందని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మా కంప్యూటరు 2014లో కొన్నది. మావారు పదవీ విరమణ చేశాక తమ ఊరి జ్ఞాపకాలన్నీ అందులో తెలుగులో టైపు చేశారు. ఆయన పోయిన తరువాత ఆ వ్రాతలే నాకు మిగిలిన ఆస్తి. అందులో ఉన్న విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు కావలసిన భద్రతా చిప్పు మా యంత్రంలో లేదు. కొత్తది కొనండి, లేదంటే అయిదువందలకు దొంగ కాపీ వేసిపెడతానన్నాడు దుకాణం అబ్బాయి. మొదటిదానికి నా పింఛను చాలదు. రెండవదానికి మనసొప్పలేదు. పరుల సొమ్ము ముట్టవద్దని పిల్లలకు నేర్పి, నేనే ఆ పని ఎలా చేయను?

డిసెంబరు సెలవులకు వచ్చిన మనవడు, "అమ్మమ్మా, లినక్స్ వేద్దాం. డబ్బూ అక్కరలేదు, దొంగతనమూ కాదు" అన్నాడు. "అంత పెద్ద వస్తువు ఊరికే ఎవరిస్తార్రా?" అన్నాను. వాడు చెప్పిన సంగతి నాకెంతో నచ్చింది. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన, అందరూ స్వేచ్ఛగా వాడుకోగల వ్యవస్థ కోసం గ్నూ అనే పని మొదలుపెట్టారు. 1991లో ఫిన్లండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల విద్యార్థి, అటువంటి వ్యవస్థకు గుండెకాయ లాంటి భాగాన్ని వ్రాసి అందరికీ ఇచ్చాడు. ఎందరో చేయి వేయగా అది పెరిగింది. దాన్ని వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పొరుగువారికి కాపీ తీసి ఇవ్వవచ్చు. లైసెన్సే అందుకు అనుమతిస్తుంది.

క్రొత్తవారికి సులువని లినక్స్ మింట్ ఎంచుకున్నాం. దానికి 2 జీబీ మెమరీ ఉన్నా చాలు, 4 ఉంటే మేలు. వాడు తన ల్యాప్‌టాపులో దాన్ని దించి, ఎచర్ అనే ప్రోగ్రాముతో పెన్‌డ్రైవులోకి ఎక్కించాడు. మామూలుగా కాపీ చేస్తే అది పనిచేయదట. తరువాత మా కంప్యూటరును ఆ పెన్‌డ్రైవుతోనే నడిపించాడు. ఇందులోని సుగుణం ఏమంటే, లోపలి డిస్కును ముట్టకుండానే అంతా పరీక్షించి చూసుకోవచ్చు. శబ్దం వచ్చింది, ప్రింటరు పలికింది. వైఫై మాత్రం రాలేదు. ఫోనును తీగతో కలిపి ఇంటర్నెట్ ఇచ్చి, కావలసిన డ్రైవరు తెచ్చుకుంటే అదీ వచ్చింది.

అప్పుడు మావారి ఫైలొకటి తెరిచాం. తెలుగుకు బదులు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు! నా గుండె ఆగినంత పనయింది. ఆయన యూనికోడ్‌లో కాక పాత ఫాంట్లలో టైపు చేశారు. ఆ ఫాంటు లేనిచోట అవి అలాగే కనిపిస్తాయి. ఇంకా ఏదీ చెరపలేదు గనుక మళ్లీ విండోస్‌లోకి వెళ్లి, నలభైమూడు ఫైళ్లనూ ఒక్కొక్కటిగా పీడీఎఫ్‌లుగా మార్చుకున్నాం. ఫొటోలతో సహా అన్నిటినీ రెండు పెన్‌డ్రైవులలో దాచాం. రెండు రోజులు పట్టింది. ఆ తరువాతే డిస్కు చెరిపి మింట్ వేశాం. దానికి అరగంట కూడా పట్టలేదు.

ఇప్పుడు ఉత్తరాలు లిబ్రే ఆఫీసులో వ్రాసుకుంటున్నాను. యూనికోడ్ తెలుగుకు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకోవడానికి నెల పట్టింది. విండోస్ కోసమే చేసిన కొన్ని ప్రోగ్రాములు ఇందులో నడవవు. అవి తప్పనిసరి అయినవారు ముందే ఆలోచించుకోవాలి.

మీ ఇంట్లోనూ ఇటువంటి పాత కంప్యూటరు ఉంటే తొందరపడి తూకానికి అమ్మివేయకండి. తెలిసిన పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ముందు పెన్‌డ్రైవుతో నడిపి చూడండి. మీ పాత తెలుగు ఫైళ్లు అందులో తెరిచి చదవండి. మీకు ప్రియమైనవన్నీ రెండుచోట్ల భద్రపరచిన తరువాతే "చెరుపు" అనే మీట నొక్కండి.