గాలిలో మాటలు వినే విద్య

2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ వేలంలో ఎకరం ధర వంద కోట్లు దాటిందని పేపర్లలో వచ్చినప్పుడు, ఊరంతా భూమి గురించే మాట్లాడుకుంది. అంత డబ్బు పోసి కొన్న చోట లేచే అంతస్తుల్లో ఎవరు కూర్చుంటారని ఎవరూ అడగలేదు. అడగనక్కర్లేదు కూడా. పక్కనే గండిపేటలో సీబీఐటీ 1979 నుంచి, ఎంజీఐటీ 1997 నుంచి ఇంజినీర్లని తయారుచేస్తూనే ఉన్నాయి. అక్కడ ఈసీఈ చదివే పిల్లలు యాంటెన్నాలు, మైక్రోవేవ్, రాడార్ అన్నీ చదువుతారు. పరీక్ష రాసి, పుస్తకం జూనియర్‌కి ఇచ్చేసి, క్యాంపస్ ఇంటర్వ్యూలో జావా ప్రశ్నలకి జవాబులు చెప్పి, అద్దాల మేడ ఎక్కేస్తారు. నాన్నకి ఆనందం, అమ్మకి ధీమా. తప్పేం లేదు.

ఇదే నగరానికి ఇంకో కొసన చాంద్రాయణగుట్ట ఉంది. అక్కడ డీఎల్ఆర్ఎల్ అని ఓ ప్రయోగశాల. పూర్తిపేరు రక్షణ ఎలక్ట్రానిక్స్ పరిశోధనాశాల. 1960ల మొదట్లో పుట్టింది. అది మనవాడైన డాక్టర్ సూరి భగవంతం హయాం. కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో పుట్టి, సి.వి.రామన్ దగ్గర పనిచేసి, ఉస్మానియాకి వైస్‌ఛాన్సలర్‌గా ఉండి, 1961 నుంచి 1969 దాకా రక్షణమంత్రికి శాస్త్రీయ సలహాదారు అయిన పెద్దమనిషి. ఆ ప్రయోగశాలలో చేసే పనికి ఎలక్ట్రానిక్ యుద్ధం అని పేరు. పేరు వినగానే ఏవో లేజర్ తుపాకులు గుర్తొస్తాయిగానీ, అందులో సగం పని ఊరకే వినడమే.

ఎలాగంటారా? చీకటి రాత్రి పొలంగట్టు మీద టార్చిలైటు పట్టుకుని నడిచేవాణ్ని ఊహించుకోండి. వాడికి నాలుగడుగుల దూరం కనిపిస్తుంది. వాడు మాత్రం మైలు దూరానికి కూడా కనిపిస్తాడు. రాడార్ అలాంటి టార్చిలైటే. అది పంపిన తరంగం విమానానికి తగిలి, తిరిగి రావాలి. పోయేటప్పుడు నీరసపడుతుంది, వచ్చేటప్పుడు మళ్లీ నీరసపడుతుంది. అందుకే రాడార్ చూపు రెట్టింపు దూరం సాగాలంటే శక్తి రెండింతలు కాదు, పదహారింతలు కావాలి. విమానంలో కూర్చుని వినేవాడికి ఆ బాధ లేదు. ఒకవైపు ప్రయాణమే కాబట్టి, రాడార్ తనని చూడకముందే తను రాడార్‌ని వినేస్తాడు.

విన్నాక గుర్తుపట్టాలి. ఒక్కో రాడార్‌ది ఒక్కో గొంతు. ఏ ఫ్రీక్వెన్సీలో పలుకుతోంది, సెకనుకి ఎన్నిసార్లు పలుకుతోంది, ఎంత వేగంగా తల తిప్పుతోంది... ఇవన్నీ శాంతికాలంలోనే ఓపిగ్గా పోగుచేసి జాబితా రాసుకోవాలి. యుద్ధం మొదలయ్యాక రాసుకుందామంటే కుదరదు. 1973లో ఇజ్రాయెల్‌కి ఆ సంగతి తెలిసొచ్చింది. ఈజిప్టు, సిరియాల దగ్గరున్న శామ్-6 క్షిపణుల రాడార్ గొంతు వాళ్ల పరికరాల జాబితాలో లేదు. హెచ్చరిక రాకుండానే విమానాలు కూలాయి. తొమ్మిదేళ్ల తర్వాత, 1982 జూన్‌లో బెకా లోయలో కథ తిరగబడింది. పైలట్ లేని చిన్న విమానాల్ని ఎరగా పంపి, సిరియా రాడార్ల చేత నోరు విప్పించి, ఆనక వాటి పనిపట్టారు. ఆ తొమ్మిదేళ్లూ ఎవరో గదుల్లో కూర్చుని, చెవులకి ఫోన్లు తగిలించుకుని, రాసుకుంటూనే ఉన్నారన్నమాట.

ఈ విద్యకో చిక్కుంది. ఇది కాగితం మీద పూర్తిగా ఎక్కదు. పది గిగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు మూడు సెంటీమీటర్లే. అక్కడ తీగ తీగలా ఉండదు. కొస తెరిచి వదిలేసిన ఏడున్నర మిల్లీమీటర్ల ముక్క కూడా ఇవతలి కొసన చూస్తే షార్ట్ సర్క్యూట్‌లా ప్రవర్తిస్తుంది. డ్రాయింగ్ ప్రకారం అంతా సరిగ్గానే చేసినా పెట్టె పలకదు. అనుభవం ఉన్నాయన వచ్చి, ఓ స్క్రూ పావు తిప్పు తిప్పితే పలుకుతుంది. ఎందుకు తిప్పారని అడిగితే ఆయనే సరిగ్గా చెప్పలేరు. అమ్మమ్మ ఆవకాయలో ఉప్పు వేసినట్టే. పక్కన నిలబడి చూసినవాళ్లకే వస్తుంది.

పక్కన నిలబడేవాళ్లు ఉండాలంటే పని ఆగకూడదు. అసలు కష్టమంతా ఇక్కడే.

రెండు సంగతులు చూడండి. విమానం మీద పెద్ద పళ్లెంలాంటి రాడార్ గుమ్మటం పెట్టి, ఆకాశం నుంచే కాపలా కాయాలని మనవాళ్లు ఓ ప్రాజెక్టు పెట్టుకున్నారు. 1999 జనవరి 11న ఆ హెచ్ఎస్-748 విమానం తమిళనాడులోని అరక్కోణం దగ్గర కూలిపోయింది. అందులో ఉన్న ఎనిమిది మందీ పోయారు. నలుగురు శాస్త్రవేత్తలు, నలుగురు వాయుసేన వాళ్లు. ప్రాజెక్టు మూలపడింది. మళ్లీ 2004లో కొత్తగా మొదలుపెట్టారు. ఈసారి బ్రెజిల్ ఎంబ్రేయర్ విమానం. ‘నేత్ర’ పేరుతో అది వాయుసేన చేతికి వచ్చింది 2017లో. అందులో శత్రువు సంకేతాలు వినే పరికరాలు మన డీఎల్ఆర్ఎల్‌వే. పద్దెనిమిదేళ్లు! ఆ రోజు పుట్టిన బిడ్డకి ఓటు హక్కు వచ్చేసింది.

రెండోది అదే ఏడాది ముచ్చట. కార్గిల్‌లో మన జవాన్ల మీద ఫిరంగి గుండ్లు పడుతుంటే అవి ఎక్కణ్నుంచి వస్తున్నాయో చెప్పే రాడార్ మన దగ్గర లేదు, పాకిస్థాన్ దగ్గర ఉంది. అయితే ఆకాశ్ క్షిపణి కోసం బెంగళూరు ఎల్‌ఆర్‌డీఈ చేసిన ‘రాజేంద్ర’ రాడార్‌ని చాందీపూర్‌లో పరీక్షిస్తున్నప్పుడు ఒక వింత కనిపించింది. పక్క రేంజిలో పేలుస్తున్న ఫిరంగి గుండ్లని కూడా అది పట్టేస్తోంది. ఆ రాడార్ మీద చెయ్యి తిరిగినవాళ్లు ఇంకా అక్కడే పనిలో ఉన్నారు కాబట్టి, దాన్నే మలిచి ‘స్వాతి’ చేశారు. 2017లో అది సైన్యానికి అందింది. ఇక్కడా ఏళ్లు పట్టాయి, నిజమే. కానీ మొదటి మెట్టు నుంచి ఎక్కాల్సిన పని తప్పింది.

ఒక ప్రాజెక్టు పూర్తయ్యాక ఇంకోటి ఎప్పుడో వస్తుందిలే అని కూర్చుంటే, ఈలోగా మనుషులు రిటైరవుతారు. పెళ్లిళ్ల వంటవాడు రెండు ముహూర్తాలు మానేస్తే మూడోసారి పులిహోరలో చెయ్యి తేడా పడుతుంది. దేశం సంగతీ అంతే. పిల్లలు సాఫ్ట్‌వేర్‌కి పోతున్నారని వాళ్లని తిట్టడం తేలిక. నోటిఫికేషన్లు ఆలస్యం కావడం, చేసిన పని ఇంట్లో కూడా చెప్పుకోలేకపోవడం... ఈ ఇబ్బందులు వాళ్లు పెట్టినవి కావు.

ఉండిపోయినవాళ్లూ ఉన్నారు. ఉస్మానియాలో ఎలక్ట్రానిక్స్ చదివిన జె.మంజుల పాతికేళ్లకు పైగా డీఎల్ఆర్ఎల్‌లోనే పనిచేశారు. తర్వాత బెంగళూరులోని డేర్ ప్రయోగశాలకి డైరెక్టరై, 2015లో డీఆర్‌డీవోలో డైరెక్టర్ జనరల్ స్థాయికి చేరిన తొలి మహిళ అయ్యారు. సైన్యానికి ‘సంయుక్త’, నౌకాదళానికి ‘శక్తి’ వ్యవస్థలు ఇచ్చింది చాంద్రాయణగుట్ట గదులే. ‘శక్తి’ మొదట ఎక్కింది ఐఎన్ఎస్ విశాఖపట్నం మీద. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ తర్వాత, పాకిస్థాన్ దగ్గరున్న చైనా గగనతల రక్షణ వ్యవస్థల్ని జామ్ చేసి, 23 నిమిషాల్లో పని ముగించామని ప్రభుత్వం ప్రకటించింది. ఆ ఒక్క వాక్యం వెనక ఎన్నేళ్ల వినికిడి ఉందో!

అన్నట్టు, ఈ రంగంలో ఇప్పుడు సగం పని సాఫ్ట్‌వేర్‌దే. ఫ్రీక్వెన్సీ క్షణక్షణం మార్చేసే కొత్త రాడార్ల గొంతు పట్టాలంటే సిగ్నల్ ప్రాసెసింగ్, చిప్ డిజైన్ తెలిసిన బుర్రలు కావాలి. అవి కోకాపేట చుట్టుపక్కల బోలెడున్నాయి. లేనిదల్లా ఆ స్క్రూ తిప్పే చెయ్యి.

దానికి విత్తనం మాత్రం కాలేజీ మైక్రోవేవ్ ల్యాబులో ఉంది. ఇత్తడి గొట్టాల్లాంటి వేవ్‌గైడ్ మీద ప్రోబుని మెల్లగా జరుపుతుంటే, ఇంచుమించు రెండు సెంటీమీటర్లకోసారి మీటరులో ముల్లు లేచి పడుతుంది. చాలామంది ఆ అంకె రికార్డులో రాసుకుని టీ తాగడానికి పోతారు. బ్యాచికి ఒకరిద్దరు మాత్రం అక్కడే నిలబడి, ఎందుకలా లేచి పడుతోందని మళ్లీ జరిపి చూస్తారు. రికార్డు మీద సంతకం పెడుతూ లెక్చరరు గారు “గేట్ ఎప్పుడు రాస్తున్నావమ్మా?” అని అడగాల్సింది వాళ్లనే.