మూడు ఏడులు

'పర్మిషన్ డినైడ్' అని కనిపించగానే సీహెచ్‌మాడ్ 777 కొట్టేసి అందరికీ అన్ని హక్కులూ ఇచ్చేసే అలవాటు చాలామందికి ఉంటుంది. నాకూ ఉండేది. తాళం తెరుచుకోవట్లేదని తలుపే ఊడబీకి గోడకి ఆనించడం లాంటిదది!

ఈరోజు ఆఫీసులో అదే గొడవ. ఫోల్డర్ ఒకటే. అకౌంట్స్ వాళ్లు రాయాలి, ఆడిట్ వాళ్లు చదవాలి, మిగతావాళ్లు తొంగి కూడా చూడకూడదు. లైనక్స్‌లో మామూలుగా ఒక ఫోల్డర్‌కి ఓనరు ఒకరు, గ్రూపు ఒకటి, మిగిలినవాళ్లంతా 'ఇతరులు'. మరి రెండో గ్రూపుని ఎక్కడ కూర్చోబెట్టాలి?

ఫోల్డర్‌ని అకౌంట్స్ గ్రూపు పేర పెట్టి 2770 ఇచ్చాను. కిటుకంతా ముందున్న ఆ 2లోనే. లోపల ఎవరు కొత్త ఫైలు పెట్టినా అది ఫోల్డర్ గ్రూపు కిందికే వస్తుంది. ఆడిట్ వాళ్లకి సెట్‌ఎఫ్ఏసీఎల్ కమాండ్‌తో చదివే హక్కు, రేపు పుట్టబోయే ఫైళ్లకి కూడా వర్తించేలా డిఫాల్ట్‌తో సహా.

ఫోల్డర్‌లో రాసే హక్కు ఆచితూచి ఇవ్వడానికి ఇంకో కారణం కూడా ఉంది. "రీడ్ ఓన్లీ ఫైలు కదా, ఎలా డిలీట్ అయిపోయిందన్నా?" అని ఆమధ్య జూనియర్ అడిగాడు. ఫైలుని తీసేసే హక్కు ఫైలుది కాదు తమ్ముడూ, ఫోల్డర్‌ది. ఫోల్డర్‌లో రాయగలిగినవాడు అందులోంచి తీసేయగలడు కూడా.

అంతా సవ్యంగా చేశాక కూడా ఒకమ్మాయికి మళ్లీ 'పర్మిషన్ డినైడ్'. అరగంట జుట్టు పీక్కున్నాను. చివరికి తేలిందేంటంటే, గ్రూపులో కొత్తగా చేర్చాక తను లాగవుట్ అయి మళ్లీ లాగిన్ అవ్వలేదు.

ఆ అరగంటలో నా వేళ్లు ఎన్నిసార్లు 7 మీదికి వెళ్లాయో మాత్రం అడక్కండి.