తొట్లకొండ మీద వాన నీళ్లు

విశాఖపట్నం వెళ్లినవారు రామకృష్ణా బీచిలో కాళ్లు తడుపుకొని, సింహాచలం అప్పన్నను దర్శించుకొని తిరిగి వచ్చేస్తారు. మేమూ ఎన్నోమార్లు అంతే చేశాం. ఈసారి పిల్లల పోరు పడలేక రుషికొండ దగ్గర పడవ ఎక్కాం.

కెరటాలు దాటేవరకు మా ఆవిడ కళ్లు తెరవలేదు. ఆ తరువాత పడవ నిలకడగా సాగింది. ఒడ్డు పొడుగునా కొండలు బారులు తీరి కనిపించాయి.

"ఆ కొండల మీద రెండువేల ఏళ్లనాడు బౌద్ధ భిక్షువులు ఉండేవారురా" అన్నాను.

"అయితే అక్కడికే పోదాం నాన్నా!" అన్నాడు పెద్దవాడు.

మర్నాడు తెల్లవారకముందే ఇద్దరం సైకిళ్ల మీద భీమిలి రోడ్డు పట్టాం. తొట్లకొండ ఊరికి సుమారు 15 కిలోమీటర్లు. దారంతా కుడిచేతి వైపు సముద్రమే. కొండ మొదట్లో సైకిళ్లు దిగి తోసుకుంటూ ఎక్కక తప్పలేదు.

పైన విహారాలు, చైత్యాలు విశాలంగా పరచుకొని ఉన్నాయి. 1988 నుంచి 1993 వరకు ఇక్కడ తవ్వకాలు జరిపితే శాతవాహనుల నాణేలతోబాటు రోమను వెండి నాణేలు కూడా దొరికాయి. సముద్ర వ్యాపారం చలవ అన్నమాట! కొండకు పేరు తెచ్చినవి మాత్రం బండలో తొలిచిన తొట్లు. పడిన వాన నీటిని భిక్షువులు వాటిలో నిలవ చేసుకొనేవారు.

వానను అంత పొదుపుగా పట్టిన ఆ చోటనే, 2019 అక్టోబరు వానలకు మహాస్తూపం కూలింది. ఆ సంగతి చెప్పాను.

"వాళ్లు వాననే దాచుకున్నారు. మనం స్తూపాన్ని దాచుకోలేకపోయామా నాన్నా?" అన్నాడు వాడు.

నాకు జవాబు తోచలేదు. మీరు వెళ్లినప్పుడు పిల్లలను తప్పక తీసుకువెళ్లండి. ఆ ఇటుకల మీద పేర్లు మాత్రం గీయనివ్వకండి.